తాళం లేని చాకు

పొడిచిందని చెబుతుందా, తెగిందని చెబుతుందా? ఆ తెల్ల తలుపు వెనక బల్ల మీద పడుకోబెట్టిన తోటికోడలి నోట్లో ఉంది ఇప్పుడు చిన్నకోడలి బతుకు. నర్సు ఒక కాయితం పట్టుకుని లోపలికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "చాకు గాయం కదమ్మా, ఎలా అయిందో ఆవిడ నోటితోనే రాసుకోవాలి, నువ్వు చెప్తే కుదరదు" అంది. కుదరదట. ఎప్పుడు కుదిరింది గనక? పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో, ఇంటి కిందే ఉన్న ఆ సోఫాల కార్ఖానాలో, ఏ సంగతయినా ఆవిడ నోటితోనే కదా తేలేది! కూర ఉప్పగా ఉంటే చిన్నకోడలు, కుర్చీ కాలు ఊగితే చిన్నకోడలు, ఆరేసిన గుడ్డలు వానకి తడిస్తే, వాన కురిపించింది కూడా చిన్నకోడలే. అలాంటి మనిషి ఇవాళ మధ్యాహ్నం, నెత్తురు కారుతున్న కుడిచెయ్యి పైకెత్తి, "చంపేసిందిరా దేవుడో, దీని చాకుతో నన్ను చంపేసింది!" అని పెడబొబ్బ పెట్టింది. కుట్టుమిషన్ల దగ్గరున్న ఇద్దరు ఆడవాళ్ళు విన్నారు. కుర్చీలు చూద్దామని వచ్చిన మొగుడూ పెళ్ళాలు విన్నారు, విని వచ్చిన దారినే పోయారు. అన్నదమ్ములిద్దరూ వ్యానులో సోఫా దించడానికి ఊరవతలికి వెళ్ళారు కాబట్టి వాళ్ళు వినలేదు, గంటలో వచ్చేస్తామని ఫోనులో చెప్పారు. వస్తే వాళ్ళకి మొదట వినబడేది కూడా ఆవిడ మాటే. "నా చాకే గానీ నేను కాదు" అని ఈమె ఎంత మొత్తుకుంటే మాత్రం ఎవరికి పట్టింది? రోజూ ఉప్పూ నిప్పూలా ఉండేవాళ్ళని అందరూ ఎరుగుదురు, ఒక ఒరలో రెండు కత్తులని మావగారు బతికున్నప్పుడే అన్నాడు, ఇక ఎవరు నమ్ముతారు, మొగుడే నమ్ముతాడో లేదో.

కూర్చున్న ఇనప బెంచీ చల్లగా ఉంది, తొడల కింద నుంచి ఆ చల్లదనం వెన్నులోకి పాకుతోంది. పైన ఫ్యాను చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒకచోట టక్కుమంటోంది, దానికో చుక్క నూనె వేసే నాథుడు లేడు కాబోలు. ఎదురుగా దవడ వాచిన పెద్దాయన ఒకడు నొప్పి మరిచిపోయి మరీ ఆమె ఏప్రాన్ మీద మరకల్ని చూస్తున్నాడు. చూడు నాయనా, బాగా చూడు, తోటికోడలి నెత్తురు ఎర్రగానే ఉంటుంది, నాకూ ఇవాళే తెలిసింది. వరండా చివర చిన్న బల్ల వేసుకుని కానిస్టేబులు కూర్చున్నాడు. కొట్లాట దెబ్బలు వస్తే రాసుకోవడానికి అక్కడే ఉంటాడట. ఆయన ముందు వార్తాపత్రిక ముక్క, దాని మీద ఆమె మడత చాకు. రాగానే "ఏదీ, ఇలా ఇవ్వు" అని చెయ్యి చాచాడు. ఏప్రాన్ జేబులోంచి తీసి ఇస్తే అరచేతిలో ఎగరేసి పట్టుకుని, "ఇదా! ఇంత పిసరు చాకుకా అంత గోల?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి, "లోపల ఆవిడ తెగిందంటే ఇది నువ్వు పట్టుకుపోదువుగాని. పొడిచిందంటే ఇదీ నాతోనే వస్తుంది, నువ్వూ నాతోనే వస్తావు" అన్నాడు. అని, వేడి వేడి టీ ఊదుకుంటూ తాగాడు. ఆ టీ గ్లాసు అడుగు తడి వార్తాపత్రిక మీద గుండ్రంగా అంటుకుంది, ఇంకో అంగుళం జరిగితే చాకుకి తగులుతుంది, తడి తగిలితే తుప్పు, తుప్పుకి ఎంత సేపు కావాలి. లేచి వెళ్ళి తుడవాలనిపించి చేతులు పిసుక్కుంది. ఛీ, పీకల మీదకి వచ్చినా బుద్ధి చాకు దగ్గరే.

చిటికెనవేలంత బ్లేడు. నూరి నూరి మధ్యలో నడుము సన్నబడింది. కొమ్ము పిడి ఒక పక్క పగిలితే నాన్న రాగితీగ చుట్టాడు, ఆ తీగ ఇప్పుడు బంగారంలా మెరుస్తుంది, ఆమె బొటనవేలే దాన్ని అలా మెరిపించింది. నాన్న రేడియోలు బాగుచేసేవాడు. ఇరుకు గదిలో, ఒకే ఒక్క దీపం కింద, తీగ మీద తొడుగు గీరి లాగితే తీగకి గీత కూడా పడేది కాదు. అదే చాకుతో కమలాపండు తొక్క పైనించి కిందికి తెగకుండా వలిచి ఆమె మెడలో వేసేవాడు, అదే చాకుతో పెన్సిలు చెక్కేవాడు, అదే చాకుతో వచ్చిన ఉత్తరాలు కోసేవాడు, మందుల పట్టీ, మూటకట్టిన పురికొస, చొక్కా గుండీ దారం, కాలి కింద ఆనెకాయ, ఏదైనా అదే. పెళ్ళయి వచ్చేస్తున్నప్పుడు అందరూ ఏవేవో పెట్టెలో సర్దుతుంటే నాన్న పక్కకి పిలిచి, జేబులోంచి తీసి, మూసి ఉన్న చాకు చేతిలో పెట్టాడు. "దీనికి తాళం లేదమ్మడూ, నీ బుద్ధే దీనికి తాళం. ఎంతయినా కొయ్యి, ఏం కాదు. మొన గుచ్చి మాత్రం నొక్కకు, మూసుకుంటుంది." అంతే, ఆ పిల్లకి ఇంకో నీతి చెప్పలేదు ఆయన. ఇప్పటి చాకులకయితే తెరవగానే టక్కున పట్టేసే తాళం ఉంటుందట, దీనికి వెనకాల ఒక స్ప్రింగు పట్టీ, అంతే, మొహమాటానికి పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. కోసినంతసేపూ బుద్ధిగా ఉంటుంది. దేనిలోనైనా పొడిచి బరువు వేస్తే వెనక్కి తిరిగి పిడిలోకి వచ్చేస్తుంది, దారిలో ఎవరి వేళ్ళున్నాయో చూడదు. పద్దెనిమిదేళ్ళలో ఆమెని ఒక్కసారి గీరలేదు. రెక్సిను అంచులు కోసింది, కుట్లు విప్పింది, పాత సోఫాల కడుపులో పీచు పీకింది, మధ్యాహ్నం పూట ఆపిల్ పండు నాలుగు ముక్కలు చేసి మొగుడికి రెండు ఇచ్చింది, వచ్చిన పార్సిళ్ళు, తోలుచుట్టలు, ఒకసారి వీధిలో వైరు చుట్టుకున్న కుక్కపిల్ల మెడ, అన్నీ దానితోనే. అలాంటి చాకు ఇవాళ సర్కారు బల్ల మీద నేరస్తురాలిలా పడుకుంది.

ఆవిడకి మొదటిరోజు నుంచే కంటగింపు. మావగారు పాపం మంచి మాటే అన్నాడు, "చాకులాంటి పిల్లని తెచ్చుకున్నాం" అని. పెద్దకోడలు పళ్ళెం కింద పెట్టి, "చాకులాంటిదేమిటి మావయ్యా, చాకు పట్టుకునే వచ్చింది. రాత్రి తలగడ కింద పెట్టుకుంటుందో ఏమో, మరిది జాగ్రత్త" అంది. ఇల్లంతా పగలబడి నవ్వింది. మొగుడు కూడా నవ్వాడు. మొగుడు కొట్టినందుకు కాదు తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె, ఇక్కడ కొట్టకుండానే ఇద్దరూ నవ్వారు. ఆవిడ కూతురికి మాటలు రాగానే నేర్పించిన పేరు చాకు పిన్ని. పిల్ల ముద్దుగా అంటుంది, తల్లి అలా అనిపించుకుని మురుస్తుంది. ఆడదానికి జేబులో చాకేంటి అని వెక్కిరించే ఆ మనిషే, తెల్లారి లేస్తే పదిసార్లు, "ఇటివ్వవే నీ చాకు." దారం తెగాలంటే ఇటివ్వు, జిగురు డబ్బా మూత రావాలంటే ఇటివ్వు, గోడకంటిన పాత కాయితం గీకాలంటే ఇటివ్వు. కత్తెర పక్కనే ఉంటుంది, ఎందుకు కావాలి కత్తెర, దీని చాకు పాడుచేసే సుఖం కత్తెరలో ఏముంది! మూసి ఇచ్చిన చాకుని మూసి తిరిగివ్వాలని చిన్నపిల్లకి కూడా తెలుసు. ఆవిడ తెరిచే పడేస్తుంది, జిగురు పూసి పడేస్తుంది, తోలు ముక్కల కింద పడేసి "నేను చూళ్ళేదే" అంటుంది. ఒకసారి డబ్బా మూతకి పెట్టి మెలితిప్పి నువ్వుగింజంత మొన విరగ్గొట్టింది. "ఓస్, ఇంతేగా" అంది. ఆ ఇంతని సరిచెయ్యడానికి వారం రోజులు సానరాయి మీద నూరింది ఈమె, నూరినంతసేపూ రాయి మీద ఎవరి మొహం ఉందో ఆ రాయికే తెలుసు.

కుట్టు మాత్రం బంగారం. ఆ మాట నోట రావాలంటే గొంతుకి అడ్డం పడుతుంది గానీ, రాకా తప్పదు. ఆవిడ కుడిచేతి వేళ్ళ కింద తోలు పట్టులా తిరుగుతుంది, మూల దగ్గర మడత ఎక్కడ మొదలయిందో, ఎక్కడ ముగిసిందో కనిపెట్టినవాడు లేడు. కార్ఖానాకి వచ్చేవాళ్ళలో సగంమంది ఆ కుట్టు కోసమే వస్తారు. ఈమె కోస్తుంది, ఆవిడ కుడుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే కుర్చీ మీద వంగి పనిచేస్తారు. ఆ వేళ్ళే ఇప్పుడు లోపల. మూడా, నాలుగా? దారి పొడుగునా ఆటోలో తువ్వాలు చుట్టి పట్టుకుంది ఈమే, ఆవిడ చెయ్యి లాక్కుంది, ఈమె మళ్ళీ పట్టుకుంది, గుంజుకుంటూనే వచ్చారు ఆస్పత్రి దాకా. తువ్వాల్లోంచి వేడిగా కారింది. ఎంత వేడి! అంత చల్లటి మనిషిలో అంత వేడి నెత్తురు ఎక్కడ దాచుకుందో.

నేనేమైనా ఇచ్చానా? ఇవ్వలేదే. అడిగిందా? అడగలేదే. జరిగింది జరిగినట్టు చెప్పమంటే ఎవరికైనా చెబుతాను, భయమేంటి. ఈమె నేల మీద కూర్చుని కత్తెరతో అడుగు గుడ్డ కోస్తోంది. చాకు బల్ల మీద ఉంది, మూసే ఉంది. ఆవిడ పెద్ద తోలు కుర్చీకి వీపు గుండీలు వేస్తోంది. గుండీకి బెజ్జం కావాలి, బెజ్జం పెట్టే ఆరె నాలుగడుగుల దూరంలో మేకుకి వేలాడుతోంది. లేచి నాలుగడుగులు వెయ్యడం ఆవిడ జాతకంలోనే లేదు. చెయ్యి చాచి చాకు తీసుకుంది. తెరిచింది. మొన తోలు మీద పెట్టింది. దళసరి తోలు, లోపల రెండో పొర, మొన ఇరుక్కుంది, ఆవిడ లేచి నిలబడి బరువంతా వేసింది, చాకు పక్కకి ఒరిగింది, మూసుకుంది. రెప్పపాటు. రెప్పపాటులో ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు? అదే చెబుతాను. రెప్పపాటు అని చెబుతాను. ఈమె ఆ మాటని బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి చిన్నపిల్ల ఎక్కాలు వల్లించినట్టు వల్లిస్తోంది, రెప్పపాటు, రెప్పపాటు, పైన ఫ్యాను టక్కుమంటోంది, ఎన్నిసార్లు వల్లించినా ఎక్కడో ఒక్క అంకె తప్పుతోంది.

పదకొండేళ్ళ కిందట పొద్దున్న పది గంటలకి కార్ఖానాకి ఫోనొచ్చింది. ఎత్తింది పెద్దకోడలు. "ఊఁ" అంది, "అలాగే" అంది, "చెప్తాను" అంది, పెట్టేసింది. పెట్టేసి వచ్చి కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. ఎదురుగా ఈమె, చాకుతో తోలు అంచులు పల్చగా చెక్కుతోంది, ఏదో పాత సినిమా పాట కూనిరాగం కూడా తీస్తోంది, తీసినట్టు గుర్తు, అదే అన్నిటికన్నా మండుతుంది, ఆ కూనిరాగం. సాయంత్రం నాలుగింటికి సోఫా వ్యాను ఎక్కింది. అప్పుడు చేతులు కడుక్కుని వచ్చి చెప్పింది, "మీ నాన్న పోయాడట, పొద్దున ఫోనొచ్చింది." పొద్దున! బస్సు ఎక్కి ఈమె వెళ్ళేసరికి అంతా అయిపోయింది, అన్నయ్య వాకిట్లో నిలబడి "నీకోసం ఎంతసేపు ఆగామే, ఎక్కడ చచ్చావే" అన్నాడు. ఆఖరి చూపు దక్కలేదు. తిరిగొచ్చి అడిగింది, ఒకే ఒక్కసారి, "అక్కా, పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?" ఆవిడ తలెత్తకుండా కుడుతూనే అంది, "చెప్తే ఏడ్చేదానివి. ఏడుస్తూ కోస్తే తోలు పాడవుతుంది." తోలు. తోలు పాడవుతుందట. మొగుడికి చెప్పుకుంటే, "వదిన కావాలని చేసి ఉండదులే" అన్నాడు. కావాలని కాకపోతే ఆరు గంటలు మాట మింగేవాళ్ళు ఎవరుంటారు? ఆరు గంటలు! ఎదురుగా కూర్చుని, కూనిరాగం వింటూ! ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆవిడకి మంచినీళ్ళు ఇచ్చినప్పుడల్లా, వడ్డించినప్పుడల్లా, జ్వరమొస్తే మాత్ర ఇచ్చినప్పుడల్లా ఈమె కడుపులో అదే నిప్పు. ఆరలేదు, ఆర్పుకోలేదు, ఎవరికీ తెలియకుండా పుల్లలు పెడుతూనే వచ్చింది.

కానిస్టేబులు టీ తాగేశాడు. గ్లాసు కింద పెట్టి, బల్ల సొరుగులోంచి కాయితాలు తీసి, మూలలు సరిచేసి, వాటికి దారం కట్టడానికి అటూ ఇటూ చూశాడు. చిల్లు పెట్టే సామాను దొరకలేదు కాబోలు. ఆయన చూపు చాకు మీద పడింది. వద్దు, ముట్టుకోకు, అది నీ అబ్బ సొత్తా? గోరుతో తెరవబోయాడు, జారింది, మళ్ళీ పట్టి తెరిచాడు. బ్లేడు కిటికీ వెలుగులో తళుక్కుమంది, ఈమె తుడిచి మూసిన బ్లేడే, అయినా మడత దగ్గర ఎర్రటి గీత ఒకటి మిగిలిపోయింది, తొందరలో తుడిచింది కదా. ఆయన కాయితాల దొంతరని బల్ల అంచుకి లాగి, మొన గుచ్చి, పిడి చుట్టూ నాలుగు వేళ్ళూ బిగించి, భుజం వంచాడు.

"నొక్కకండి, మూసుకుంటుంది!"

వరండా అంతా తిరిగి చూసింది. దవడ వాచిన పెద్దాయన ఉలిక్కిపడి దవడ పట్టుకున్నాడు. తను ఎప్పుడు లేచిందో, ఎప్పుడు అరిచిందో ఆమెకే తెలియదు, చూసుకుంటే నిలబడి ఉంది, చెయ్యి ముందుకి చాచి ఉంది. కానిస్టేబులు చాకుని పాముని వదిలినట్టు వదిలేసి, వేళ్ళు తెరిచి ఒక్కొక్కటే చూసుకున్నాడు. "అమ్మో, దీనికి తాళం లేదా! బతికించావు తల్లీ" అన్నాడు. చాకుని రెండు వేళ్ళతో మూసి కాయితం మీద పెట్టి, అప్పుడు కళ్ళు చిన్నవి చేసి ఆమెని చూశాడు. "నువ్వు భలే చురుగ్గా చెప్పావే. మరి ఆవిడకి చెప్పలేదూ ఈ మాట?"

"వెయ్యిసార్లు చెప్పాను."

నిజమే. వెయ్యిసార్లు చెప్పింది. చాకు తీసుకుని మొన దేనిమీద పెట్టినా చాలు, ఇటు నుంచి "అక్కా, నొక్కకు, మూసుకుంటుంది", అటు నుంచి "చెప్పొచ్చావులే పెద్ద", అని చాకు విసిరేసి ఆరె కోసం లేవడం, లేవలేక లేస్తూ తిట్టడం, రోజూ ఉన్న భాగోతమే. మిషను దగ్గర ఆడవాళ్ళు కూడా ఆ రెండు మాటలూ పెదాలు కలుపుతూ నవ్వుకుంటారు. వెయ్యిసార్లు. వెయ్యిన్నొకటోసారి చెప్పలేదు. ఈమె మెల్లగా బెంచీ మీద కూర్చుంది. ముక్కూ మొహం తెలియని కానిస్టేబులికి, తనని లాక్కుపోతానన్న మనిషికి, అడక్కుండా తన్నుకుని వచ్చింది ఆ మాట. వచ్చే మాట అది. నోటికి అలవాటైపోయిన మాట, తుమ్ములాంటిది, ఆపితే తప్ప ఆగదు. మరి మధ్యాహ్నం ఎలా ఆగింది? రెప్పపాటట, రెప్పపాటు! ఎవరిని మభ్యపెడతావే? ఆవిడ చెయ్యి చాచినప్పుడే చూశావు. తెరిచినప్పుడు స్ప్రింగు చప్పుడు విన్నావు. మొన తోలు మీద పెట్టినప్పుడు తోలు కిర్రుమంది, కత్తెర ఆపావు. నాలిక పళ్ళకి తగిలింది, అక్కా అన్న పిలుపులో మొదటి అక్షరం గొంతులోకి వచ్చింది, నోరు కూడా తెరుచుకుంది. అప్పుడు వినబడింది, ఏడుస్తూ కోస్తే తోలు పాడవుతుంది, ఎక్కడి నుంచి వినబడిందో, పదకొండేళ్ళ అవతల నుంచి, అంత స్పష్టంగా. నోరు మూతపడింది. మూసుకుని, చూస్తూ కూర్చుంది. ఆవిడ లేచి నిలబడటం చూసింది, భుజం వంగడం చూసింది. వేళ్ళు పిడి చుట్టూ ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా చూసింది, అవి తెగుతాయని తెలిసే చూసింది. తాళం లేదన్నాడు నాన్న, నీ బుద్ధే తాళం అన్నాడు. ఆ తాళాన్ని తనే తీసింది. పొడవలేదు, నిజమే, ఒట్టేసి చెబుతుంది, ఎవరి ముందయినా చెబుతుంది. కానీ ఆ కాయితంలో ఇంకో గడి ఉండి, ఊరుకున్నావా అని అడిగితే?

అడిగితే మాత్రం! ఊరుకుంటే ఊరుకున్నాను, ఆరుగంటలు ఊరుకున్నదాన్ని ఎవరడిగారు? ఆమెకి మళ్ళీ కోపం వచ్చింది, వచ్చినందుకు హాయిగా ఉంది, భయం కన్నా కోపం వెచ్చగా ఉంటుంది. రాయించుకోనీ. పొడిచిందనే రాయించుకోనీ. ఏళ్ళ తరబడి కడుపులో నూరుకున్నదానికి ఆ పేరు సరిపోతుందిలే. వెళ్తాను, కానిస్టేబులు వెనక నడిచి వెళ్తాను, ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కను. అనుకుంది గానీ చేతులు ఏప్రాన్ అంచుని నలుపుతూనే ఉన్నాయి, గుండె ఆ తెల్ల తలుపు దగ్గరే కొట్టుకుంటోంది.

తలుపు తెరుచుకుంది. నర్సు కాయితం ఊపుకుంటూ నేరుగా కానిస్టేబులు దగ్గరికి వెళ్ళింది. "మూడు వేళ్ళండి. ఒకదాని నరం తెగింది, కలిపి కుట్టారు. వంగుతుందో లేదో నెల పోతే గానీ చెప్పలేం." అని, గొంతు తగ్గించకుండానే, "తనే కోసుకుందట. ఆ తోటికోడలు దగ్గర్లో కూడా లేదట" అంది. కానిస్టేబులు కాయితం చదివాడు, చాకు చూశాడు, ఈమెని చూశాడు. నమ్మాడో లేదో గానీ వార్తాపత్రిక ముక్కతో సహా చాకు తెచ్చి ఒళ్ళో పెట్టి, "ఈసారి తాళం ఉన్నది కొనుక్కోండమ్మా" అని వెళ్ళిపోయాడు. దగ్గర్లో కూడా లేదట! రెండు మూరల దూరంలో కూర్చున్న మనిషిని పట్టుకుని! పోయిన ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఒళ్ళు భగ్గుమంది. ఎందుకు చెప్పింది ఆ అబద్ధం? ఎవరు చెప్పమన్నారు? ఇంత బతుకూ బతికి ఆఖరికి ఆవిడ దయ మీద బయటపడాలా?

పెద్దకోడలు గోడ పట్టుకుని నడిచి వచ్చింది. మొహం సున్నం కొట్టినట్టుంది. కుడిచెయ్యి తెల్ల కట్టుతో ఉబ్బి మెడ నుంచి వేలాడుతోంది. కార్ఖానా ఏప్రాన్ ఇంకా ఒంటి మీదే ఉంది, ముందంతా గట్టిపడి నల్లబడింది. వచ్చి బెంచీ మీద, ఇద్దరికీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది. ఈమె వైపు కాదు, ఎదురుగా గోడ వైపు తిరిగింది. ఫ్యాను టక్కుమంది.

"దగ్గర్లో లేవని చెప్పాను" అంది ఆవిడ.

"విన్నాను. ఎందుకట?"

"ఉన్నావని చెప్తే, మరి చూస్తూ ఊరుకుందా అని అడుగుతారు. ఇంటి పరువు." ఆవిడ ఊపిరి పీల్చుకుంది, మాటకీ మాటకీ మధ్య నొప్పి వచ్చి పోతోంది. "చూశావు కదూ?"

ఈమె ఒళ్ళో చాకు మీదకి వార్తాపత్రిక ముక్క మడిచింది.

"నోరు తెరిచావు. మళ్ళీ మూసుకున్నావు. అదీ చూశాను నేను." ఆవిడ గోడ మీద నుంచి చూపు తిప్పలేదు. "రోజూ అరుస్తావుగా, నొక్కకు నొక్కకు అని. నువ్వరిస్తే నేను ఆపేస్తాను, అంతేగా మన అలవాటు. మొన పెట్టి, ఇదిగో ఇప్పుడరుస్తుంది, ఇప్పుడరుస్తుంది అనుకుంటూ లేచాను. చప్పుడు లేదు. ఇదేంటి ఇవాళ దీనికి నోరు పడిపోయిందా అని తలెత్తి నీ వైపు చూశాను. చూసేసరికి చెయ్యి ఒరిగిపోయింది."

వెయ్యిసార్లు తిట్టి విసిరికొట్టిన మాట మీదే ఆ మనిషి ఇన్నాళ్ళూ వేళ్ళు పెట్టుకుని పనిచేసిందా! చెప్పొచ్చావులే అంటూనే ఆ మాట కోసం చెవి వేసి ఉంచిందా! ఆవిడ ఇలా చెప్పేకన్నా తిట్టినా బాగుండేది, జుట్టు పట్టుకున్నా బాగుండేది. "అక్కా" అంది, మళ్ళీ అందుకుని, "నాన్న పోయినరోజు" అంది.

"తెలుసు. అందుకేనని తెలుసు." పెద్దకోడలు ఇప్పుడు తిరిగి చూసింది, కళ్ళలో జాలి లేదు, నీళ్ళూ లేవు. "చెల్లుకు చెల్లు అనుకుంటున్నావేమో. ఏం కాదు. రేపట్నుంచి కుర్చీకి కుట్టు నువ్వే వేస్తావు. నీ వంకర కుట్టు పక్కన కూర్చుని రోజూ చూస్తాను. నాకు జడ కూడా నువ్వే వేస్తావు."

"వేస్తాను."

"వెయ్యక ఛస్తావా. ముందు ఈ ఏప్రాన్ తీసి అవతల పారెయ్యి, కంపు కొడుతోంది. ముడి బిగిసిపోయింది, ఒంటి చేత్తో నావల్ల కావట్లేదు."

ఆవిడ లేవకుండానే బెంచీ మీద అటు తిరిగి కూర్చుంది, వీపు ఈమె వైపు పెట్టి. నడుము దగ్గర నాడాల ముడి, నెత్తురు తడిసి ఎండి రాయిలా ఉంది. గోళ్ళతో లాగింది, రాలేదు. దవడ వాచిన పెద్దాయన మళ్ళీ చూస్తున్నాడు. కాయితం మడత విప్పి చాకు తీసింది. తెరవబోతే వేలు జారింది, పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి, మళ్ళీ పట్టి తెరిచింది. బ్లేడు చివరతో ముడి మీద అటూ ఇటూ వెతికింది, ముడి సందులోకి గుచ్చి నొక్కితే గానీ తెగేట్టు లేదు, పిడి మీద వేళ్ళు బిగించింది.

"నొక్కకు" అంది పెద్దకోడలు, తల తిప్పకుండానే, వరండా అంతా వినబడేట్టు. "మూసుకుంటుంది."

చిన్నకోడలు మొన వెనక్కి తీసి, పదును తనవైపుకి తిప్పుకుని, ముడి కోసింది.